అత్త దిగిన స్టేజీ

"రేయ్, అమ్మ పోయింది" అన్నాడు బావ ఫోన్లో.

"యాడికి బావా?" అన్నాను.

తప్పు నాది కాదు. మా మేనత్త గురించి ఎవరైనా 'పోయింది' అంటే మా ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న అదే. నగరికి పోయింది, మద్రాసుకు పోయింది, కనుక్కునేలోపల తిరిగొచ్చి మళ్ళీ ఇంకెక్కడికో పోయింది. కాలికి బలపం కట్టుకుని తిరిగిన మనిషి. అటునుంచి బావ ఏడుపు వినిపించింది. అప్పుడు అర్థమైంది.

పుత్తూరులో అత్త ఇంటికి వెళ్ళి, అన్నీ ముగిశాక తిరుపతి వచ్చాను. అప్పటినుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికే ఎన్నిసార్లు లేచి వీధి గుమ్మం దాకా వెళ్ళొచ్చానో. ఏడుపు రావడం లేదు, కోపం మాత్రం వస్తోంది. ఆమె మీదే. చెప్పకుండా పోవడం ఆమెకు ఎప్పుడూ ఉన్నదేననుకోండి.

అత్త బస్సు కండక్టరు. ఆడవాళ్ళు ఆ ఉద్యోగంలోకి అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో చేరింది. తిరుపతి నుంచి పుత్తూరు, నగరి మీదుగా మద్రాసు పోయే దారే రిటైరయ్యేదాకా ఆమె లోకం. కమ్మీ పట్టుకోకుండా బస్సులో ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేది. పుత్తూరులో కట్టు కట్టించుకోవడానికి చెయ్యో కాలో విరిగినవాళ్ళు ఎక్కితే, ఎవరూ తగలకుండా వాళ్ళ సీటుకు అడ్డంగా నిలబడేది. "డ్రైవరన్నా, గుంతల్లో మెల్లగా పోనీ. ఈడ ఎముక ఉండాది" అని అరిచేది. బస్సంతా నవ్వేది, ఎముక విరిగినాయనతో సహా.

మిగతావాళ్ళకు మాత్రం ఒకటే మంత్రం: "ముందుకు జరగండప్పా, ముందుకు." పెళ్ళి భోజనాల దగ్గరా అదే, గుడి క్యూలోనూ అదే. మా తాత తద్దినం నాడు పంతులుగారితో కూడా అనేసింది.

శ్రీహరికోట దారిలో ఉన్న పులికాట్ సరస్సులో తిరుపతివాళ్ళం కొంతమందిమి ఆదివారాలు తెరచాప పడవలు నడుపుతాం. దానికి బోటింగ్ క్లబ్బు అని పేరు పెట్టుకున్నాం. రిటైరైన లెక్చరరు ఒకాయన మాకు పెద్ద. అత్త రిటైరయ్యాక ఒక ఆదివారం పులిహోర క్యారియరుతో నా వెంట వచ్చింది. పడవ చుట్టూ తిరిగి చూసి, "ఇది యాడిదాకా పోతాది సార్?" అని అడిగింది.

లెక్చరరుగారు నవ్వి, "సముద్రంలో పడితే అండమాన్ దాకా పోతాదమ్మా" అన్నారు.

ఆయన సరదాకి అన్నారు. అత్త రూటు అడిగింది.

ఆ తర్వాత ఒక్క ఆదివారం మానలేదు. ఈత నేర్చుకుంది, తాళ్ళు లాగింది, చాప దించింది, నేను బద్ధకిస్తే తిట్టింది. అండమాన్ ఎప్పుడు సార్, అండమాన్ ఎప్పుడు సార్ అని అడిగీ అడిగీ, చివరికి ఆ ప్రయాణం నిజంగానే కట్టించింది. ఇంజన్లు కూడా ఉన్న మూడు పెద్ద తెరచాప పడవలు అద్దెకు తీసుకున్నాం. ఆమె లేకపోతే మా క్లబ్బు ఇప్పటికీ సరస్సులో గుండ్రంగా తిరుగుతూ ఉండేది, నేనూ తిరుగుతూ ఉండేవాణ్ణి.

బావ అడ్డం పడ్డాడు. "ఈ వయసులో సముద్రమేందిమా?"

"బస్సెక్కేవాళ్ళ వయసు నేనెప్పుడన్నా అడిగినానా?" అని కొడుకు నోరు మూయించింది. కానీ ఆ సాయంత్రం నాతో వేరే మాట చెప్పింది. "ఇన్నేండ్లు ఊరందర్నీ దించినానురా. నాకని ఒక స్టేజీ ల్యా. తిరిగి తిరిగి డిపోకే వచ్చినా. ఒక్కసారి, దూరంగా యాడన్నా, నేనే దిగల్ల."

అందుకే సముద్రం మీద గాలి పడిపోయిన రోజున నాకు భయం వేసింది. ఇంచుమించు సగం దారిలో ఉన్నాం. చాపలు తడిబట్టల్లా వేలాడుతున్నాయి. ఉన్న డీజిలు చివరికి దాచుకోవాలి. మూడు పడవలూ ఒకదాన్నొకటి చూసుకుంటూ కదలకుండా ఉండిపోయాయి. అత్త కాలు కాలిన పిల్లిలా పడవ మీద ఆ కొసకూ ఈ కొసకూ తిరుగుతోంది. ఆమెను చూస్తే మాకు ఇంకా ఊపిరాడలేదు.

మూడో పడవలో చిత్తూరు టీచరమ్మ ఉంది. బయలుదేరినప్పటినుంచి ఆమెకు వాంతులే. ఆమె భర్త రేడియోలో, "ఇంక మా వల్ల కాదు, వెనక్కి తిరుగుదాం" అన్నాడు. పోతే అందరం, తిరిగితే అందరం అని క్లబ్బులో ముందే అనుకున్న మాట. లెక్చరరుగారు మొదటి పడవ నుంచి మా పడవను అడిగారు: "మీరేమంటారు?"

మేమంతా అత్త వైపు చూశాం. ఆ పాత మంత్రమే వస్తుందనుకున్నాను. అత్త రేడియో అందుకుంది.

"సార్, ఆయప్పను గాదు, ఆయమ్మను అడగండి. దిగేవాళ్ళెవరో వాళ్ళే చెప్పల్ల. ఆమె హోల్డాన్ అంటే హోల్డానే, బండి ఆగల్ల. నేను తిరిగొచ్చేస్తా."

రేడియోను చెవికి ఆనించుకుంది. ముందుకే అను తల్లీ, ముందుకే అను అని నేను లోలోపల మొక్కుకుంటున్నాను.

చివరికి టీచరమ్మ గొంతు నీరసంగా వచ్చింది. "వెనక్కి పోయినా ఇంతే కక్కల్ల గదా సార్. కక్కుకుంటా ముందుకే పోదాం."

మూడు పడవల్లోనూ నవ్వులు. అత్త రేడియో నా చేతిలో పెట్టి అటు తిరిగింది.

"ఏడస్తా ఉండావా అత్తా?"

"ఉప్పుగాలిరా, కండ్లల్లో పడింది."

"గాలే ల్యాకుండా?"

"నోర్ముయ్."

తెల్లారేసరికి గాలి లేచింది.

అండమాన్ చేరాక కూడా కాగితాల తనిఖీ అయ్యేదాకా మమ్మల్ని పడవల్లోనే ఉంచారు. అత్త ఒడ్డు వైపే చూస్తూ, చేతిలో తాడును ముడి వేస్తూ విప్పుతూ గడిపింది. ఆ తర్వాత చిన్న రబ్బరు పడవలో ఒడ్డుకు పోయేటప్పుడూ ఉద్యోగం మానలేదు. టీచరమ్మను ముందు దింపించింది. మాకు ఒక్కొక్కరికీ చెయ్యి అందించింది. అందరూ అయ్యాక తాను కాలు పెట్టింది.

రెండడుగులు వేసి తూలింది. బస్సులో గానీ పడవలో గానీ ఆమె తూలడం నేనెన్నడూ చూడలేదు. నీళ్ళ మీద అన్నాళ్ళు ఉన్నవాళ్ళకు నేల మీద అలా అవుతుందని లెక్చరరుగారు ముందే చెప్పారు. మా అందరికీ కాస్త తల తిరుగుతూనే ఉంది. అత్త మాత్రం ఏకంగా ఇసుకలో చతికిలబడింది. నేను పరుగెత్తాను.

"పట్టుకోవద్దురా!" అంది, కళ్ళు పెద్దవి చేసుకుని. "నేల కదలతా ఉండాది."

"అందరూ టీకి పోతా ఉండారు. లెయ్యి అత్తా."

"మీరు పోండి. దీన్ని పోనీ, యాడిదాకా పోతాదో చూస్తా."

కొంతదూరం నడిచి వెనక్కి చూశాను. అత్త అక్కడే ఉంది. రెండు అరచేతులూ ఇసుకలో ఆనించి, కిటికీ పక్క సీటు దొరికిన ప్యాసింజరులా, కొబ్బరిచెట్లను చూస్తూ కూర్చుని ఉంది.