వంతెన మీద మామగారు

“మీ మామగారిని కొట్టడానికి చేతులెలా వచ్చాయే నీకు?”

“నేను కొట్టింది ఆంబోతునండి, అత్తయ్యగారూ.”

“ఆంబోతా? ఎవరి పేరు చెప్పి వదిలామే దాన్ని? దాని తొడ మీద అచ్చు ఎవరి పేరున వేయించాం?”

“మామగారి పేరునేనండి. అయినా మామగారికి కొమ్ములు లేవు కదండీ.”

“ఇంకొక్క మాట మాట్లాడావంటే చూడు! నడిరోడ్డు మీద, నలుగురూ చూస్తుండగా చెరుకు గెడ పెట్టి కొడతావా? ఆయన నీకేం అపకారం చేశారే?”

“దారికడ్డంగా పడుకున్నారండి. బతికున్నప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.”

ఈ చివరి మాట నోరు జారి వచ్చింది. వచ్చాక వెనక్కి తీసుకోవాలని కూడా అనిపించలేదు.

ఇప్పుడు మా మనవరాలు కారు నేర్చుకుంటోంది. పక్క సీట్లో నన్ను కూర్చోబెట్టుకుని తణుకు వెళ్ళి వచ్చేసరికి దారి పొడుగునా తిడుతూనే ఉంటుంది. చికెన్ కొట్ల ముందు కుక్కల గుంపులు, రొయ్యల చెరువుల నుంచి నీళ్ళు కార్చుకుంటూ పోయే వ్యాన్లు, సగం రోడ్డు మీద ఎండబోసిన ధాన్యం, మిగతా సగం మీద గేదెలు. “మామ్మా, ఈ రోడ్డు మీద మనుషులెలా తిరుగుతారు?” అంటుంది. “అలాగే తిరుగుతారు. నువ్వు ముందు చూడు” అంటాను. ఆ పిల్ల మీద నాకేమీ జాలి కలగదు. దానికి అడ్డం వచ్చేవి ఉత్తి పశువులు. హారన్ కొట్టుకోవచ్చు, తిట్టుకోవచ్చు. నా కాలంలో నాకు అడ్డం పడింది మామగారు. హారన్ కొడితే కూడా అపచారమే.

అసలు సంగతి చెప్పాలంటే మామగారు బతికున్న రోజుల దగ్గర మొదలుపెట్టాలి. ఆయన నులక మంచం వీధి గుమ్మానికి అడ్డంగా వేసుకుని పడుకునేవారు. గాలి అక్కడే వస్తుందట. ఆడవాళ్ళం ఎవరు వీధిలోకి వెళ్ళాలన్నా పెరటి దారిన పోయి, పేడదిబ్బ చుట్టూ తిరిగి వెళ్ళాలి. మా అత్తగారు నీళ్ళ బిందె చంకన పెట్టుకుని గుమ్మం దాకా వచ్చి, “ఏవండీ, కాస్త లేస్తారా” అనేది. ఆయన కళ్ళు తెరిచేవారు కాదు. ఆవిడ కాసేపు నిలబడి, బిందె ఇంకో చంకలోకి మార్చుకుని, పెరటి వైపు తిరిగేది. ఆవిడ ఊరికే అడిగేదని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. అయినా ప్రతిరోజూ అడిగేది. (నేనైతే కాపరానికొచ్చిన వారానికే అడగడం మానేశాను. నాకు ఓపిక తక్కువ.)

ఆయన పోయాక పదకొండో రోజున ఒక కోడెదూడను తెచ్చి, పంతులుగారు మంత్రాలు చదువుతుండగా తొడ మీద అచ్చు వేసి ఊరి మీదికి వదిలారు. పోయినవాళ్ళ పేరున అలా వదలడం మా వాళ్ళలో ఆనవాయితీ. వదిలాక దాన్ని ఎవరూ కట్టకూడదు, కొట్టకూడదు. అది ఎవరి చేలో పడి మేసినా పుణ్యం వాళ్ళది. తిట్లు మాత్రం మావి. రెండు మూడేళ్ళు తిరిగేసరికి అది గుడి తలుపంత ఆంబోతైంది. ఊరంతా దాన్ని ‘పెద్దాయన’ అని పిలిచేవారు. “మీ పెద్దాయన మా గడ్డిమేటు పడదోశారండి” అని ఒకరు, “మీ పెద్దాయన మా అరటి గెల తినేశారండి” అని ఒకరు వచ్చేవారు. అత్తగారు వాళ్ళకి మజ్జిగ ఇచ్చి పంపేది, ముఖం మాత్రం వెలిగిపోతూ ఉండేది. బస్సుకి అడ్డం పడుకుంటే కండక్టరు దిగివచ్చి, “పెద్దాయనగారూ, లేటైపోతుందండీ” అని చేతులు కట్టుకుని నిలబడేవాడు. అదే కండక్టరు నేను మోపెడ్ మీద ఎదురొస్తే, “ఏమ్మా, రోడ్డు నీదేనా” అని అరిచేవాడు. ఆంబోతుకిచ్చే మర్యాదలో సగం ఆడమనిషికిస్తే బస్సు తిరగబడిపోతుందేమో మరి.

మోపెడ్ నా చేతికి రావడం కూడా రోడ్డు పుణ్యమే. అది మా ఆయన బండి. మాకున్న గేదెల పాలు తణుకులో ఒక స్వీట్ల కొట్టుకి ఆయన పోసి వచ్చేవారు. ఒకనాడు రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం మీద బండి జారి కాలు విరగ్గొట్టుకున్నారు. ఎవరి ధాన్యమని అందరూ పరిగెత్తుకొచ్చి చూస్తే మాదే. (ఆరబోసింది నేను. రోడ్డు వేడికి తొందరగా ఎండుతుందని ఆరబోయమన్నది ఆయన. ఇందులో నా తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను.) కాలికి కట్టు వేశారు. ఆ నెలల్లో మాకు చేతికొచ్చేది ఆ పాల డబ్బే. స్వీట్ల కొట్టు పోతే తవుడు కొనడానికి కూడా ఉండదు. పాలు మోసుకుపోవడానికి ఇంకెవరూ లేరు గనక బండి నేను నేర్చుకున్నాను. ఆయన మంచం మీద కట్టు కాలు చాపుకుని, “క్లచ్చు! ఏయ్, బ్రేకు!” అని అరుస్తుంటే, నేను కోళ్ళను చెదరగొట్టుకుంటూ వాకిట్లో గుండ్రంగా తిరిగాను. ఆ బండికి అసలు క్లచ్చే లేదు. ఆ సంగతి నేను చెప్పాకే ఆయనకి గుర్తొచ్చింది.

మొదటివారంలో కుక్క అడ్డం వస్తే తప్పించబోయి కాలవ గట్టు మీద పడ్డాను. మోచేతులు రెండూ గీసుకుపోయాయి. గట్టు మీద కూర్చున్నవాళ్ళు లేచి వచ్చి, “కుక్కకేమీ కాలేదు కదా?” అని అడిగారు. తర్వాత, “పాలు ఒలికాయా?” అన్నారు. నా సంగతి అడగడానికి వాళ్ళకి ఇంకా సమయం కుదిరినట్టు లేదు.

ఇవన్నీ సర్దుకున్నాను. సర్దుకోలేనిది వంతెన. మా ఊరు దాటాలంటే కాలవ మీద పాత వంతెన ఒక్కటే దారి. శ్రావణమాసం వానలకి చేలు, గట్లు, దొడ్లు అన్నీ చిత్తడి. పొడిగా, గాలి తగిలేట్టు ఉన్న చోటు ఊరు మొత్తం మీద ఆ వంతెనే. పెద్దాయన దాని మీద అడ్డంగా పడుకోవడం మొదలుపెట్టారు. మనిషి ఒంటరిగా పక్కనుంచి పోవచ్చు గానీ, రెండు వైపులా పాల క్యాన్లు వేలాడే బండి పోదు. ఊళ్ళో ఆడవాళ్ళు ఊరుకుంటారా! “కోడలు బండెక్కడం ఆయనకి ఇష్టం లేదు. అందుకే అడ్డం పడుకున్నారు” అన్నారు. మా అత్తగారు అవుననలేదు, కాదనలేదు. తవుడు ముద్ద తీసుకెళ్ళి వంతెన మీదే దాని నోటికి పెట్టి వచ్చింది. ఇంకేం, పెద్దాయనకి అక్కడే మకాం.

పోట్లాట జరిగిన రోజున ఆయన లేచేదాకా నేను ఎండలో నిలబడ్డాను. కొట్టుకి చేరేసరికి పాలు విరిగిపోయాయి. కొట్టు యజమాని క్యాను మూత తీసి వాసన చూసి, “రేపు కూడా ఇలాగే అయితే మాకు వద్దమ్మా. వేరేవాళ్ళని చూసుకుంటాం” అన్నాడు. తిరిగొచ్చేసరికి పెద్దాయన మళ్ళీ అక్కడే. కళ్ళు మూసుకుని నెమరేస్తున్నారు. ఆ మూసిన కళ్ళు చూడగానే నాకు నులక మంచం గుర్తొచ్చింది. చెరుకు బండి మీంచి పడిన గెడ ఒకటి రోడ్డు పక్కనుంటే తీసి వీపు మీద ఒక్కటిచ్చాను. ఆయన నెమ్మదిగా తల తిప్పి, గెడ నా చేతిలోంచి లాక్కుని, కరకరా నమిలేశారు. అదీ నేను మామగారిని కొట్టిన వైనం. ఇంటికొచ్చేలోపే వార్త నాకంటే ముందు చేరిపోయింది.

“ఇలా కాదు” అంది అత్తగారు, అరుపులన్నీ అయ్యాక. “రేపు పొద్దున్న నేనే వెళ్ళి ఆయన్ని అడుగుతాను. లేచి దారిచ్చారా, నీ ఇష్టం, జన్మంతా బండి తోలుకో. లేవలేదా, బండి అమ్మేయాలి. సరేనా?”

“ఆయన లేవకపోతే గేదెల్ని కూడా అమ్ముకోవాలమ్మా” అన్నారు మా ఆయన మంచం మీంచి.

“అమ్ముకుందాం. మాట దక్కాలి.”

నేను సరేనన్నాను. ఏడుపు వచ్చింది గానీ ఏడవలేదు. పశువులకి పొగ వేసే వేళైంది. దోమలు పోవడానికి మా దొడ్లో రోజూ సాయంత్రం ఊక మీద వేపాకు వేసి రాజేసేదాన్ని. పొగ లేవగానే గేదెలు తాళ్ళు తెంపుకునేంతగా అటు వైపు ఒరిగి నిలబడ్డాయి. రోజూ చూసేదే. ఆ రోజు మాత్రం చూస్తూ నిలబడిపోయాను. పెద్దాయన వంతెన ఎక్కింది నా మీద కోపంతో కాదు. దోమలకీ జోరీగలకీ. అక్కడ గాలికి అవి నిలవవు, అంతే.

తెలతెలవారుతుండగా పాలు పితికేసి, తట్టలో ఊక, వేప మండలు వేసుకుని, చిల్లిపడ్డ ఇనప బొచ్చె ఒకటి పట్టుకుని వంతెన అవతలి గట్టుకి వెళ్ళాను. (ఆ బొచ్చె పారేయమని ఎందరో అన్నారు. నేను ఏ వస్తువూ పారేయను.) బొచ్చెలో ఊక రాజేసి, మీద పచ్చి వేపాకు కప్పి, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చి క్యాన్లు కట్టుకున్నాను.

మేం వెళ్ళేసరికి వంతెన దగ్గర ఇరుగుపొరుగు అప్పటికే చేరారు. మా ఆయన కర్ర ఊతంతో కుంటుకుంటూ వచ్చారు. తవుడు తీసుకెళ్ళమని ఎవరో అంటే అత్తగారు ఒప్పుకోలేదు. “ఆశ చూపిస్తే అది అడగడం కాదు” అని ఉత్తి చేతులతో వెళ్ళింది. పెద్దాయన ముందు నిలబడి, కొంగు భుజం చుట్టూ తిప్పుకుని, “ఏవండీ, కాస్త లేస్తారా” అంది. అదే మాట. అదే గొంతు. చంకన బిందె ఒక్కటే లేదు.

ఆయన చెవి ఆడించారు. కళ్ళు తెరవలేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అత్తగారు కదల్లేదు. “పిల్ల పాలు పట్టుకెళ్ళాలండి. పొద్దెక్కుతోంది” అంది ఈసారి కొంచెం నెమ్మదిగా.

అప్పుడు గాలి తిరిగింది. పొగ వంతెన మీదికి పల్చగా వచ్చింది. పెద్దాయన ముట్టె పైకెత్తి వాసన చూశారు. వెనక కాళ్ళు ముందు లేచాయి, తర్వాత ముందు కాళ్ళు. ఒళ్ళంతా ఒకసారి విదిల్చుకుని, అత్తగారి పక్కనుంచి మెల్లగా నడిచి, అవతలి గట్టు మీదికి దిగిపోయి, పొగ పక్కన చతికిలబడ్డారు. జనం “ఓహో” అన్నారు. ఒకావిడ చెంపలేసుకుంది.

అత్తగారు ఖాళీ వంతెన మీద అలాగే నిలబడింది. నేను బండి తోసుకుంటూ పక్కకి వెళితే నాకు మాత్రమే వినపడేట్టు అంది: “బతికున్నన్నాళ్ళూ అడిగానే. ఒక్కనాడు లేవలేదు.”

నిజం నా నాలిక చివరే ఉంది. ముందురోజు అయితే అనేసేదాన్ని.

“ఆ పొగేంటే అక్కడ?” అంది కళ్ళు తుడుచుకుంటూ.

“ఎవరో చెత్త తగలేసినట్టున్నారండి.”

“సరే, ఫో. పాలు విరిగిపోతాయి.”

బండి ఎక్కి పెడలు తొక్కితే మూడోసారికి స్టార్టయింది. మా ఊళ్ళల్లో పల్లం అంటే వంతెన దిగడమే కాబట్టి, అక్కడ ఇంజను ఆపేసి బండిని జారనిచ్చి పెట్రోలు మిగుల్చుకోవడం నా అలవాటు. ఆ ఉదయం ఆపలేదు. వెనక నిలబడ్డావిడకి చప్పుడు వినపడాలని మలుపు తిరిగేదాకా గట్టిగానే పోనిచ్చాను. పెట్రోలు దండగే మరి.