అసలు కొట్టు గన్నవరంలో ఉంది

ముందే ఒప్పుకుంటున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. వీధిలో నడుం లోతు నీళ్ళు నిలిచాయని నేనంటే, మా ఆవిడ చెప్పులు కూడా విప్పకుండా దాటి వస్తుంది. కాబట్టి ఇందులో కనబడే ప్రతి కొలతనూ సగం చేసుకోండి. తీరిక ఉంటే మళ్ళీ సగం చేసుకోండి. మనుషుల్ని మాత్రం తగ్గించకండి, వాళ్ళు పూర్తిగానే ఉండేవాళ్ళు.

డెబ్బైల నాటి బెజవాడలో కొనేవాడికి అమ్మేవాడి మీద అనుమానం, అమ్మేవాడికి కొనేవాడి మీద అనుమానం, ఇద్దరికీ కలిపి తక్కెడ మీద అనుమానం. ఊళ్ళో దిగేవాళ్ళలో సగం మంది ఇంకో రైలు ఎక్కడానికి దిగినవాళ్ళే. ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో జేబూ పట్టుకుని కొట్టు ముందుకొస్తారు. సరుకు పట్టుకు చూడ్డానికి మూడో చెయ్యి ఉండదు గనక కళ్ళతోనే తడిమి వెళ్ళిపోతారు. అలాంటి ఊళ్ళో వ్యాపారి ఒక్క మాట అటూ ఇటూగా రాయిస్తే చాలు, కొంప మునిగిపోయేది. మా బావ కొట్టున్న గవర్నరుపేట సందులోనే ఒక మిఠాయి కొట్టాయన 'ఈరోజు లడ్డూలు తాజా' అని పలక కట్టాడు. పొద్దుగూకేదాకా జనం వచ్చి, "అయితే నిన్న మాకు పెట్టిందేవిటి?" అని నిలదీసిపోయారు. ఎదురుగా గొడుగుల షాపాయన జడివానలో 'సగం ధరకే' అన్నాడు. వచ్చినవాళ్ళు గొడుగు విప్పి, ఆకాశానికెత్తి, చిల్లుల కోసం వెతికి, అవి దొరక్కపోయేసరికి ఇంకా భయపడి, తడుస్తూ ఇళ్ళకి పోయారు.

ఇంత చూసి కూడా మా బావ ఊరుకోలేదు.

బావంటే మా అక్క భర్త. మేనరికం కాబట్టి మా ఇద్దరికీ చిన్నప్పటి నుంచీ నువ్వూ నువ్వూ అనుకునే చనువు. గుడివాడ అవతల ఒక ఊళ్ళో వాళ్ళన్నయ్యకి బియ్యం మిల్లుండేది. బావకి ముప్పై దాటినా ఆ ఊళ్ళో ఆయన్ని అందరూ 'మిల్లుగారి తమ్ముడు' అనే పిలిచేవారు. ఆయనకి విడిగా ఒక పేరుందన్న సంగతి ఊళ్ళో చాలామందికి పెళ్ళి శుభలేఖ చూశాకే తెలిసింది. ఆ పిలుపు పడలేకే బెజవాడ వచ్చి కాఫీ పొడి కొట్టు పెట్టాడు. బోర్డు మీద ఇంటిపేరుతో సహా తన పేరు రాయించాడు. అక్షరాలు ఎంత పెద్దవంటే, మొదటి అక్షరం దగ్గర చదవడం మొదలుపెట్టినవాడు ఆఖరి అక్షరానికి వచ్చేసరికి పక్క కొట్టు ముందు ఉండేవాడు. అన్నయ్యగారు అడ్డు చెప్పలేదు. "ఉగాది దాకా చూడు. నిలబడిందా సరే. లేదా, మూసేసి వచ్చి మిల్లులో కూర్చో" అన్నాడు. బావ ఆ మాట విన్నప్పటి నుంచీ పంచాంగం ఎటువైపు వేలాడితే అటువైపు చూడ్డం మానేశాడు.

పొడి మంచిదే. కొట్టు వెనక వసారాలో అక్కా బావా డ్రమ్ము తిప్పుతూ గింజలు వేయిస్తుంటే, ఆ వాసనకి ఏలూరు కాలవలో పడవవాళ్ళు గెడ వెయ్యడం మరిచిపోయి వెనక్కి కొట్టుకుపోయేవారు. కానీ కాఫీ పొడి అంటేనే అనుమానపు సరుకు. అందులో చికోరీ ఎంత, వేయించిన చింతపిక్కలెన్ని అన్నది ఆ రోజుల్లో ప్రతి ఇల్లాలూ వేసుకునే లెక్క. మిషను బళ్ళో టీచరమ్మ ఒకావిడ పరీక్ష చెయ్యడానికి గ్లాసూ నీళ్ళూ ఇంటి నుంచే తెచ్చుకునేది. కొట్లో నీళ్ళ మీద కూడా నమ్మకం లేదు. నీళ్ళ మీద పొడి తేలితే కాఫీ, రంగు వదులుతూ మునిగితే కల్తీ. బావ పొడి బాతులా తేలింది. ఆవిడ గ్లాసుని అటు తిప్పి, ఇటు తిప్పి, "ఇంత బాగా తేలుతోందంటే ఏదో కలిపే ఉంటారండీ" అని గ్లాసు కడుక్కుని వెళ్ళిపోయింది.

ఒకరోజు నేను ఆఫీసు నుంచి వెళ్ళేసరికి (కాలవల ఆఫీసులో గుమాస్తాని అప్పుడు) బావ చుట్టూ ఖాళీ డబ్బాలు పరిచి ఉన్నాయి. తలనూనె సీసాలు, పళ్ళపొడి డబ్బాలు, తలనొప్పి మందు బుడ్లు.

"ఏరా, వీటన్నిటి మీదా ఉన్న మాటొకటి చెప్పు" అన్నాడు.

"ధర" అన్నాను.

"నీ మొహం. చదువు. 'నకిలీలను చూసి మోసపోకండి.' పేరున్న ప్రతివాడూ రాశాడు. అంటే ఏవిటి? నకిలీలున్నవాడికే పేరు!"

అక్క జల్లెడ ఆపింది. "మనకెవరున్నారండీ నకిలీలు?"

"లేకపోతేనేం? ఉన్నారని రాస్తే, మనకి పేరుందని జనానికి తెలుస్తుంది."

"లేనివాళ్ళని బొట్టు పెట్టి పిలవడం దేనికండీ?"

వ్యాపార రహస్యాలు ఆడవాళ్ళకి అర్థం కావని బావ తేల్చేశాడు. మర్నాటికి పేరు కింద ఎర్ర అక్షరాలు వెలిశాయి: 'నకిలీలను చూసి మోసపోకండి. మాకు బ్రాంచీలు లేవు.' అంతటితో ఆగక మైకు రిక్షా కూడా మాట్లాడాడు. ఆ మైకు బీసెంట్ రోడ్డు గోలలో తిరిగింది. బస్సుల హారన్లలో, రిక్షా గంటల్లో సగం మాటలు మునిగిపోయి జనం చెవిన పడినవి రెండే ముక్కలు: బావ పేరు, దాని వెంటనే 'మోసం'.

టీచరమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి గ్లాసు తీసుకురాలేదు. బోర్డు రెండుసార్లు చదివింది.

"నకిలీలున్నాయంటున్నారు. అయితే అసలు కొట్టు ఎక్కడండీ?"

"ఇదేనమ్మా."

"నకిలీవాడు కూడా ఇదేనమ్మా అనే అంటాడు గదండీ."

"నకిలీవాడైతే ఇలా బోర్డు పెడతాడా తల్లీ?"

"ముందు పెట్టేది వాడేనండీ. మనకి అనుమానం రాకుండా."

ఈ తర్కం వింటే హైకోర్టు కూడా ఆవిడ పక్షానే తీర్పు చెప్పేది. ఆవిడ వెళ్ళి బళ్ళో చెప్పింది. బళ్ళోంచి ఆదివారం చర్చికి, చర్చి దగ్గర్నుంచి కూరగాయల బజారుకి, అక్కడ్నుంచి మా ఆఫీసుకి ఆ కబురు నాకంటే ముందే చేరింది. మా హెడ్ గుమాస్తా నన్ను పక్కకి పిలిచి, "మీ బావగారి కొట్టు అసలుది కాదటగా. అసలు కొట్టు గన్నవరంలో ఉందట" అని పరామర్శించాడు. ఇంకొకాయన ఇబ్రహీంపట్నంలో ఉందన్నాడు. గన్నవరం పక్షం, ఇబ్రహీంపట్నం పక్షం అని ఆఫీసు రెండుగా చీలి వారం రోజులు ఫైళ్ళు కదల్లేదు. బెజవాడ పక్షంలో నేనొక్కణ్ణే. నాకూ కొంచెం అనుమానంగానే ఉండేది.

విచిత్రమేమిటంటే బావకి కూడా మొదలైంది. "ఇంతమంది అంటున్నారంటే ఎక్కడో ఒకడు పెట్టే ఉంటాడ్రా" అన్నాడు. "మా అన్నయ్యే మనిషిని పెట్టి నడిపిస్తున్నాడేమో, నన్ను మిల్లుకి లాగడానికి" అన్నాడు. డ్రమ్ము తిప్పుతున్న అక్క వంక ఓరగా చూశాడు. నేను కాఫీ తాగుతుంటే, "ఎక్కడా తాగనట్టు తాగుతావేం? ఇంతకు ముందు ఈ రుచి ఇంకెక్కడైనా చూశావా?" అని ఆరా తీశాడు. ఊరు మొత్తం మీద బావ అనుమానించని మనిషి ఒక్కడే. వారానికోసారి గోనె సంచీతో వచ్చి, వాసన చూడకుండా, ప్రశ్న వెయ్యకుండా సంచీ నింపుకుపోయే బక్కపల్చటి మనిషి. పెళ్ళిళ్ళ వంటవాడనుకున్నాం. "మనిషంటే అలా ఉండాలి" అనేవాడు బావ. ఆ మనిషి లేకపోతే ఆ నెలల్లో కొట్టు తీసిపెట్టడం కూడా దండగే.

ఒక ఆదివారం ఇద్దరం నకిలీని పట్టుకోవడానికి బయల్దేరాం. ముందు ఇబ్రహీంపట్నం. కరెంటు ఫ్యాక్టరీ కట్టేచోట ఆకాశమంత దుమ్ము, దాని కింద టీ బళ్ళు. బావ ఒక బండివాణ్ణి కాఫీ అడిగాడు. టీయే ఉందన్నాడు. "కాఫీ సంగతెందుకు దాస్తున్నావ్?" అని బావ గద్దించాడు. వాడు మమ్మల్ని ఏ శాఖ ఆఫీసర్లమనుకున్నాడో, బండి వదిలేసి పరిగెత్తాడు. వాడి టీ మేమే పోసుకుని తాగి, గ్లాసులు బోర్లించి, బస్సెక్కేశాం.

గన్నవరంలో బస్సు దిగగానే కనబడింది. అరటిపళ్ళ బళ్ళ వెనక ఒక పచారీ కొట్టు. దాని నెత్తిన, ఇంటిపేరుతో సహా, మా బావ పేరు. అవే అక్షరాలు, అదే రంగు. పేరుకి ముందు 'అసలైన' అన్న మాట. పేరు కింద ఎర్రగా: 'బెజవాడలోని నకిలీని చూసి మోసపోకండి.'

బావ రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. ఆయన్ని తప్పించుకోలేక నాలుగు లారీలు, ఒక ఎడ్లబండీ, పైన దిగబోతున్న విమానం కూడా ఆగిపోయాయి. కొట్టు ముందు వరస. ఆ వరసలో టీచరమ్మ. బావని చూసి ఆవిడ మొహం వెలిగిపోయింది.

"మీరు కూడా ఇక్కడికే వస్తారా! చూశారా, నేననుకున్నదే."

అప్పుడు లోపల్నించి పొట్లాలు కడుతూ తలెత్తాడు కొట్టాయన. గోనె సంచీ మనిషి.

బావ పక్క గుమ్మంలోంచి లోపలికి వెళ్ళాడు. వెనకే నేను.

"నా పేరు నువ్వెందుకు పెట్టుకున్నావయ్యా?"

"గట్టిగా అరవకండి బాబూ, గిరాకీ బెదిరిపోద్ది" అన్నాడు అతను, పురికొస తెంపుతూ. "నేను పెట్టుకున్నానా? బస్సు దిగిన ప్రతోళ్ళూ మీ పేరు చెప్పి అసలు కొట్టెక్కడా అంటన్నారు. మొదట లేదనే చెప్పా. లేదంటే, దాస్తన్నావంటారు. ఎంతమందితో పోట్లాడమంటారు? చివరికి ఆళ్ళడిగే పొడి ఎక్కడ దొరుకుద్దో కనుక్కుని మీ దగ్గరికే వచ్చా."

"అంటే ఇది..."

"మీదేనండీ. గింజ కూడా కలపలా. పేరు మీదీ, పొడి మీదీ. నాదంటూ ఆ 'అసలైన' అన్న ముక్కొక్కటే. నకిలీలున్నాయని మీరు రాసి ఉండకపోతే నాకా ముక్క కూడా తట్టేది కాదు."

"బోర్డు పీకిస్తా. ఇప్పుడే, అందరి ముందూ చెప్తా."

"చెప్పండి." అతను పొట్లం కట్టడం ఆపలేదు. "రేపట్నించి ఆళ్ళు ఇక్కడ కొనరు. మీ దగ్గర మాత్రం కొంటారా? మీ పొడి సంచీలో నింపుకెళ్ళేది నేనొక్కణ్ణేగా."

ఉగాదికి మూడు వారాలుంది. బావ వైపు చూశాను. ఆయన బోర్డు వెనక భాగం చూస్తున్నాడు. లోపలి నుంచి అక్షరాలు కనబడవు, చెక్క కనబడుతుంది. వరసలోంచి టీచరమ్మ కేకేసింది.

"ఏవండీ, ఈ వ్యాపారం తెలిసినవారు, మీరే చెప్పండి. ఇది అసలేగా?"

వరస వరసంతా మెడలు చాపింది. బావ గుమ్మంలోకి వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు. అంతమంది తన మాట కోసం చెవులు రిక్కించడం ఆయన జీవితంలో అదే మొదటిసారి అనుకుంటాను.

"అసలేనమ్మా" అన్నాడు. "నేనూ దీనికోసమే వచ్చా."

అన్నాక కొనకపోతే బాగుండదు కదా. వరస చివరికి వెళ్ళి నిలబడి, తన పొడి తనే ఒక పొట్లం కొనుక్కున్నాడు. తిరిగొచ్చే బస్సులో బావ పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వుకి కండక్టరు టిక్కెట్లు కొట్టడం మానేసి తనూ నవ్వాడు, డ్రైవరు నవ్వాడు, బస్సు ఊగిపోయి కాలవగట్టు దాకా పోయి వచ్చింది.

తర్వాత జరిగింది సులువుగా చెప్పొచ్చు. గన్నవరం సంచీ ఒకటి రెండైంది, రెండు ఆరయ్యాయి. టీచరమ్మకు తోడు సగం గవర్నరుపేట అక్కడికే బస్సెక్కేది. బెజవాడ కొట్టుకి ముందు తలుపులు తియ్యడం దండగని, వెనక వసారాలో రెండో డ్రమ్ము పెట్టారు. ముందున్న బోర్డు, చదివేవాళ్ళు లేక, గింజల బస్తాలకి అడ్డం పెట్టుకున్నారు. ఉగాదికి అన్నయ్యగారు వచ్చి, డ్రమ్ములు చూసి, బస్తాలు చూసి, "నిలబడ్డావురా" అని భుజం తట్టి వెళ్ళాడు. బావ మళ్ళీ మిల్లు మొహం చూడలేదు. మా సందులో ఎవరైనా కొత్తవాళ్ళు ఆయన ఇల్లడిగితే మాత్రం, "గన్నవరం వాళ్ళకి పొడి ఆడించే ఆయనేనా?" అని చూపించేవారు.

ఇక నా వంతు. లారీలు నాలుగు కావు, ఒకటే. విమానం ఆగలేదు, దాని దారిన అది దిగిపోయింది. పడవలు వెనక్కి పోలేదు. అవన్నీ ఉన్నవాటిని పెంచడం. లేనిదాన్ని పుట్టించింది ఒక్కచోటే, బస్సులో. బావ నవ్వలేదు. కిటికీ పక్కన కూర్చుని, పొట్లం ఒళ్ళో పెట్టుకుని, దాని మీద అచ్చు వేసిన తన పేరుని బెజవాడ దాకా బొటనవేలితో రుద్దుతూ వచ్చాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.