కుడి స్కేటుకే నిమ్మకాయ

యాభై దాటిన ఆడది చక్రాల బూట్లు కొనుక్కోవడానికి ఎవరి అనుమతి కావాలో నాకు ఇప్పటికీ తెలియదు. గోదావరిఖనిలో మా క్వార్టర్లకు దగ్గరలోనే పిల్లలు స్కేటింగ్ చేసే సిమెంటు రింగు ఉంది. రోజూ పొద్దుటి నడకలో దాని చుట్టూ తిరిగేదాన్ని. ఒకనాడు లోపలికి వెళ్ళి, పెద్దవాళ్ళకు నేర్పుతారా అని అడిగాను. "నేర్పుత మేడం, మోకాళ్ళకు పట్టీలు కట్టుకోవాలె" అన్నాడు నేర్పే ఆయన. నాకు ఆ అనుమతి చాలింది.

కొత్త స్కేటు కాలి మీద దయ చూపదు. మడమ వెనక గోడలా నిలబడి ఉంటుంది. మొదటివారంలోనే రెండు మడమల తోలూ లేచిపోయింది. కుంటుకుంటూ ఇంటికి వస్తే అత్తమ్మ గడప దగ్గరే కూర్చుని ఉంది.

"ఏమైందే?"

"బూట్లు కరిచినయ్ అత్తమ్మా."

"కరవయా మరి? బండి తెచ్చి నిమ్మకాయ తొక్కియ్యకుండ నడుపుతరా ఎవలన్న?"

"ఇది బండి కాదు."

"చక్రాలున్నయా, లేవా?"

చేతబడి, బాణామతి లేవని సభల్లో వాదించి ఎందరి నోళ్ళో మూయించిన నేను, ఈ ప్రశ్నకు స్కేటు తిప్పి చక్రాలు చూశాను. మా దగ్గర కొత్త మోటార్ సైకిల్ మొదలుకొని బొగ్గు మోసే డంపరు దాకా, చక్రమున్న ప్రతిదీ నిమ్మకాయను చిదిమాకే కదులుతుంది. ఆ లెక్కన ఆమె తర్కంలో లోపం లేదు. మొదలే తప్పు.

"అవి నీకు అచ్చిరాలె. వాపస్ ఇచ్చెయ్" అని తీర్పు చెప్పింది.

ఆ మాట నాకు పాత శత్రువు. ఒక ఇంటినైనా, ఒక బర్రెనైనా, ఒక కోడలినైనా కారణం చెప్పకుండా బయటికి నెట్టగల మాట అది. పుండు కంటే అదే ఎక్కువ మండింది.

"సరే, నిమ్మకాయ తొక్కిస్త. కుడిదానికే" అన్నాను.

"అదేంది?"

"ఎడమదాన్ని నా తీరుగ సవరించుకుంట. ఆదివారం చూద్దాం. కుడికాలు గూడ ఎడమకాలంత సుఖంగ ఉంటే నేనోడినట్టే, స్కేట్లు వాపస్. లేకుంటే అచ్చిరాలేదన్న మాట ఈ ఇంట్ల మళ్ళ వినవడొద్దు."

అప్పుడే బొగ్గుగనిలో డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన బనీను విప్పుతూ నవ్వాడు. "గని బూట్లయితే నీళ్ళల్ల నానవెట్టి, తడి మీదనే తొడుక్కొని ఒక షిఫ్టు నడుస్తం. కాలికి అవే అమరుతయ్."

"వీటి చక్రాలల్ల ఇనుప గోలీలున్నయ్. తుప్పు వడుతయ్."

"అయితే నీ ఇష్టం. గానీ రెండు కాళ్ళు ఒక్కతీరే పుండైనయా? చూపియ్." న్యాయమైన ప్రశ్న. వంగి రెండు మడమలూ చూశాడు. "ఒక్కతీరే ఉన్నయ్. ఇగ మీ అత్తాకోడళ్ళ కొట్లాటల నన్ను సాక్షి వెట్టకుండ్రి."

అత్తమ్మ కుడి స్కేటుకు పసుపు పూసి, బొట్టు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ ఉంచింది. తొక్కాను. రసం చింది గచ్చు మీద పడింది.

ఎడమదాని మడమ భాగాన్ని రోజూ రెండు చేతులతో చపాతీ పిండిలా పిసికాను. పలుచటి సాక్సు మీద మందపు సాక్సు వేశాను. లేసు కింద బిగించి, పై కొక్కేలు వదిలేశాను. ఇంట్లో ఆ స్కేటు తొడుక్కుని, చక్రాలు జారకుండా గోనెసంచి పరిచి, దాని మీద కాలు పెట్టి కూర్చుని చిక్కుడుకాయలు తుంచేదాన్ని. నొప్పి మొదలుకాకముందే విప్పేదాన్ని. కుడికాలికి ఇవేమీ లేవు. పలుచటి సాక్సు, నిమ్మకాయ మహిమ, అంతే. మందపు సాక్సుల జతలో రెండోది అరలో ఊరికే పడి ఉండేది. దాని వంక చూసేదాన్ని, తీసుకునేదాన్ని కాదు.

పక్కింటామె గోడ మీంచి తొంగి చూసింది. "అక్కా, బతుకమ్మ గూడ దీని మీదనే ఆడ్తవా ఏంది?"

"ఆడ్త. నీకు గూడ ఒక జత తెప్పియ్యాల్నా?"

వారం సగమయ్యేసరికి ఎడమకాలు స్కేటులో ఉన్న సంగతే మరిచింది. కుడిది రక్తం కక్కింది. అత్తమ్మ వెనక్కి తగ్గలేదు. "ఆ నిమ్మకాయ ఫ్రిజ్జులది. గందుకే పనిచెయ్యలె."

"చెట్టు మీదిది తెప్పియ్."

తెప్పించింది. దాన్నీ తొక్కాను. నా వాదానికి నా మడమే పూచీ అని ఒప్పుకున్నాక తప్పుకునేది లేదు. వేదిక మీద గొంతుతో గెలవడం తేలిక. ఇంట్లో ఒంటితో గెలవాలి.

ఆదివారం రింగు నుంచి వచ్చి కుర్చీలో కూలబడ్డాను. కుడి సాక్సు పుండుకు అతుక్కుపోయింది. అత్తమ్మ వేడినీళ్ళు తెచ్చి, నా కాలిని తన ఒళ్ళోకి లాక్కుంది. తడిపి తడిపి సాక్సు ఊడదీసింది.

"మొండిదానా, గింత పుండు చేసుకుంటరా ఎవలన్న?"

"నిమ్మకాయకు ఇంకింత టైం ఇద్దామా అత్తమ్మా?"

"నోర్ముయ్." కొబ్బరినూనె రాసి, లేచి అరలోంచి ఆ రెండో మందపు సాక్సు తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "మానినంక గా కాలుకు గూడ ఇదే తొడుగు. ఆ బూటును గూడ పిసుకు."

"మరి నిమ్మకాయ?"

"నిమ్మకాయ సంగతి నిమ్మకాయది. నాది తప్పన్ననా?"

అనలేదు. ఇంతవరకూ అనలేదు. కానీ 'అచ్చిరాలేదు' అన్న మాట ఆమె నోట మళ్ళీ రాలేదు. పుండు మానాక ఇప్పుడు రెండు కాళ్ళూ హాయిగా ఉన్నాయి. కుడి స్కేటు మీది పసుపు మాత్రం నేను తుడవలేదు. ఎవరైనా అడిగితే ఏ కాలు ఎందుకు మానిందో మొదటి నుంచీ చెబుతాను. అడగకపోయినా చెబుతాను.