ఐస్ ఫ్యాక్టరీ కేలెండర్‌లో నల్లకుక్క

తొంభైల్లో, పాత పోస్టాఫీసు దగ్గర నాకో చిన్న ఫోటో స్టూడియో ఉండేది. ఓ వానాకాలం ఉదయం ఫిషింగ్ హార్బర్‌లో, బోటు మీద చెవులు నిక్కించి కూర్చున్న నల్లకుక్కని నలుపు తెలుపులో ఫోటో తీశాను. పక్కనే దాని యజమాని, కుక్క మెడ మీద చెయ్యి వేసి నవ్వుతున్నాడు. హార్బర్‌లోని ఐస్ ఫ్యాక్టరీ వాళ్లు ఆ ఫోటో చూసి ముచ్చటపడి, కొత్త సంవత్సరం కేలెండర్‌కి కొంటామన్నారు.

అమ్మే ముందు మా బావని అడిగాను. ఆయన వకీలు దగ్గర గుమాస్తా.

"మనిసి మొకం కనిపిత్తే సంతకం కావాల బావా. కోసేయ్. కుక్క ఏ కోర్టుకెల్తాది?"

సరేనని డార్క్‌రూమ్‌లో మనిషిని తప్పించి ప్రింటు వేసిచ్చాను. మెడ మీది చెయ్యి మాత్రం ఉండిపోయింది.

కేలెండర్లు పంచేశాక అదే బావ తాపీగా టీ తాగుతూ, "కుక్కకీ ఓనరుంటాడు కదేటి! పర్మిషన్ నేకండా అమ్మేసినావని నోటీసిత్తే?" అన్నాడు. ఓరి నీ తస్సాదియ్యా, ఆ ముక్కేదో ముందే ఏడవొచ్చు కదా! పైగా నా తెలివి చూడండి. ఐస్ ఫ్యాక్టరీ కేలెండరంటే బోటున్న ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. దొంగసొత్తుని సొంతదారు గోడకే మేకు కొట్టి తగిలించినట్టయింది నా పని.

ఇక నిద్ర లేదు. గుమ్మంలో ఎవరు చెప్పులు విడిచినా నోటీసే వచ్చిందనుకునేవాణ్ణి. చేపల బుట్టతో ఎవరైనా వీధిలో ఆగితే చాలు, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు లోపలికి నక్కేవాణ్ణి.

చివరికి రానే వచ్చింది. నడివయసు ఆడమనిషి. చేతిలో చుట్టిన కేలెండరు, వెనకే నల్లకుక్క. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఈ పోటో నువ్వే తీసినావా బాబూ?"

"అంటే... కుక్క మీదని తెలీక..." అని నసిగాను.

ఆమె కేలెండరు విప్పి, కుక్క మెడ మీది చేతిని తడిమింది.

"ఇది మా ఆయన సెయ్యి. మొన్న తుపానుకి బోటు తిరిగి రానేదు. ఇంట్లో ఒక్క పోటో నేదు. మిగతా మనిసి నీ కాడ ఉన్నాడా?"

అప్పుడు పట్టుకుంది అసలు భయం. నెగెటివ్‌లు ఎక్కడ పడితే అక్కడ పడేసే దరిద్రుణ్ణి నేను. డబ్బాలన్నీ కుమ్మరించాను. దొరికింది, నా తల్లే, దొరికింది!

డార్క్‌రూమ్ మందునీళ్లలో, కాగితం మీద ముందు కుక్క తేలింది, తర్వాత ఆ నవ్వు. తడి ఆరకముందే తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

ఆమె చాలాసేపు చూసింది. "ఇంత బాగున్నాడు కదా. ఎందుకు కోసేసినావు బాబూ?"

"పర్మిషన్ లేదని, అమ్మా."

"అడిగితే ఇచ్చీవోడే కదా," అంది.