మా ఆడపడుచు ఏమంటోంది?

మా ఆడపడుచుకి పుట్టుకతోనే వినపడదు. ఆ మాటకొస్తే మా ఇంట్లో ఎవరికీ ఎవరి మాటా వినపడదు, కాకపోతే ఆమెకి డాక్టరు కాగితం ఉంది. మా లాండ్రీలో ఇస్త్రీ బల్ల ఆమెది, కౌంటరు నాది, పెత్తనం మా ఆయనది. పందొమ్మిదేళ్లుగా చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. బేరం లేనప్పుడు ఆ బల్ల వెనకే నాట్యం ఆడుతూ ఉంటుంది. బట్టలారబెట్టే మిషను అదురు నేలలోంచి పాదాలకి తెలుస్తుందట, ఆమెకి అదే తాళం.

కౌంటరు దగ్గరికొచ్చిన ప్రతివాళ్లూ అడిగేది ఒకటే. ఏమంటోంది? ఆడుతున్నా అదే, జడ వేసుకుంటున్నా అదే. సైగలు నేను పెళ్లయ్యాక ఆమె దగ్గరే నేర్చుకున్నాను. మా ఆయనకి ఓ అరడజను వచ్చు, అయినా జవాబు చెప్పేది మాత్రం ఆయనే. ఆమె పావుగంటసేపు ఊరందరినీ కడిగి ఆరేసినా, “ఏం లేదండీ, టీ కావాలంట” అని తేల్చేసేవారు.

సైగల భాషలో మనిషికో సైగపేరు ఉంటుంది. నాది మూతి తిప్పడం. ఎందుకో చెప్పను. ఆ టీ కసితో మా ఆయనకి ఆమె పెట్టిన పేరు, బొటనవేలు పెదవికి ఆనించి కప్పు ఎత్తినట్టు వంచడం. ఆ సంగతి మేమిద్దరం ఆయనకి చెప్పలేదు. దాంతో ఆమె అన్నని పిలిచిన ప్రతిసారీ ఆయన టీ పట్టుకొచ్చేవారు. నవ్వలేక చచ్చేవాళ్లం.

ఆమె కోరిక మాత్రం నవ్వులాట కాదు. తను ఆడుతుంటే ఒక్కసారైనా, జనం అర్థం అడక్కుండా ఊరికే చూడాలని నాతో చాలాసార్లు చెప్పుకుంది.

ఒకరోజు నాతో ఫోన్లో వీడియో తీయించుకుని ఎక్కడికో పంపింది. నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. బధిరులు, వికలాంగులు, ఆటిజంలాంటివి ఉండి బుర్ర వేరే తీరుగా నడిచేవాళ్లు, వీళ్లలో నాట్యం చేసేవాళ్లకి మూడు నెలల రెసిడెన్సీ అట. హాలు ఇస్తారు, జీతం ఇస్తారు, ఆఖర్లో ఏమీ చూపించనక్కర్లేదు. మా ఆయన రెసిడెన్సీ అంటే నివాస ధ్రువీకరణ అనుకుని కరెంటు బిల్లు, అద్దె అగ్రిమెంటు పట్టుకుని వెళ్లారు. అక్కడి మేనేజరమ్మ ఎంతో మర్యాదగా వాటిని తీసుకుని ఫైల్లో పెట్టుకుంది. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

మేనేజరమ్మ చాలా మంచిది. కళాకారులు ఏది అడిగినా రాసుకుని మర్నాటికల్లా అమర్చాలని వాళ్ల నియమం, ఆవిడ దాన్ని ప్రాణంలా పాటించేది. మా ఆడపడుచు సైగలు చదివి పైకి చెప్పడానికి ఓ పెద్దాయన్ని పెట్టారు. నేను దుబాసీగారు అనేదాన్ని. చేతులు కదిలితే నోరు కదలాలన్నది ఆయన నియమం. ఈ రెండు నియమాల మధ్య మా పిల్ల పడింది.

మొదటిరోజు ఆమె చేతులకి తెలిసినదే ఆడింది. గోడవారన కుర్చీలో దుబాసీగారు గంభీరంగా అందుకున్నారు. చొక్కా. కాలరు. నీళ్లు చిలకరించు. మడత. మరో చొక్కా. మేనేజరమ్మ ఒక్కటీ పోకుండా రాసుకుంది. మర్నాడు హాల్లో ఇస్త్రీ బల్ల, పెట్టె, ఆఫీసు సిబ్బంది ఇళ్లనుంచి తెచ్చిన నలభై చొక్కాలు సిద్ధంగా ఉన్నాయి. పందొమ్మిదేళ్ల అలవాటు ఊరుకుంటుందా? సాయంత్రానికి నలభై చొక్కాలూ తళతళలాడాయి. కళాకారిణి తృప్తిగా ఉన్నారని ఫైల్లో ఎక్కింది.

తరవాత వారం వాన ఆడింది. వేళ్లు పైనుంచి సన్నగా జారాయి. “పడుతోంది. లోపలికే పడుతోంది. ఆగడం లేదు,” అన్నారు దుబాసీగారు. మర్నాడు ప్లంబర్లు వచ్చి, ఎక్కడా కారని పైకప్పుని తవ్వి గొట్టం పగలగొట్టారు. ఇక నిజంగానే కారడం మొదలైంది. పక్క హాల్లో చక్రాల కుర్చీలో నాట్యం చేసే ఆవిడ మాత్రం తడి నేల మీద జర్రున తిరగొచ్చని సంబరపడింది.

ఓపిక నశించి మా ఆడపడుచు దుబాసీగారి ముందు నిలబడి, నేను మాట్లాడటం లేదు అని సైగ చేసింది. ఆయన ఉన్నదున్నట్టు పైకి చెప్పారు. కళాకారిణి అలిగి మాట్లాడటం మానేశారని మేనేజరమ్మ కంగారుపడి మనసు డాక్టర్ని పిలిపించింది. ఆ డాక్టరు గంటసేపు ఓదార్చి, పోతూపోతూ తన కోటు ఇస్త్రీ చేయించుకుని వెళ్లాడు.

నాకు ఒళ్లు మండింది. క్యారియరు పట్టుకుని వెళ్లి దుబాసీగారిని నిలబెట్టి అడిగాను, నాట్యానికి మాటలెందుకండీ అని. ఆయన బాధగా చూశారు.

“వినపడనివాళ్ల చేతులు కదుల్తుంటే నేను ఊరుకోవడమంటే, వాళ్ల మాట మింగెయ్యడమేనమ్మా. జన్మంతా వాళ్ల ఇంట్లోవాళ్లు చేసేది అదేగా.”

దులిపేద్దామని వెళ్లినదాన్ని, క్యారియరు విప్పి ఆయనకీ ఓ ముద్ద వడ్డించాను. ఆ మాట తిన్నగా మా ఇంటికే తగిలింది.

ఆఖరి రోజు వచ్చింది. ఏమీ చూపించనక్కర్లేదు కాబట్టి, ఏమీ చూపించకపోవడం ఎలా జరుగుతోందో చూడటానికి కమిటీ వచ్చింది. ఆ పొద్దున్నే దుబాసీగారి గొంతు పూర్తిగా పోయింది. మూడు నెలలపాటు నాట్యమంతా పైకి చెబితే ఎవరి గొంతైనా అంతే. చెప్పే మనిషి లేకపోతే కళాకారిణి నోరు నొక్కినట్టట, కార్యక్రమం రద్దట. క్యారియర్లు మోసుకొచ్చిన మా ఆయన ముందుకొచ్చి, నేనున్నానుగా, పుట్టినప్పట్నుంచీ ఆవిడ మాట చెబుతున్నది నేనే అన్నారు. మా ఆడపడుచు నా వైపు చూసింది. ఆ మొహం చూసి నాకు ఏడుపొచ్చింది. మూడు నెలలూ మాటలై పోయాయి, మిగిలిన ఈ ఒక్కటీ టీ అయిపోతుంది.

అయినా ఆడింది. చెప్పులు విడిచి, పక్క హాలు కుర్చీ చక్రాల అదురు పాదాలతో పట్టుకుని ఆడింది. మోచేతులు ఆవిరిలా లేచాయి, భుజాలు దులిపిన దుప్పటిలా ఎగిరాయి. అంతకంటే చెప్పడం నాకు చేతకాదు, చెప్పకూడదు కూడా.

కమిటీ పెద్దాయన ముందుకి వంగాడు. మేనేజరమ్మ కలం తీసింది.

“ఏమంటున్నారండీ ఆవిడ?”

మా ఆయన నోరు తెరిచారు. నేను కళ్లు మూసుకున్నాను. ఎంతకీ టీ రాలేదు. కళ్లు తెరిచి చూస్తే ఆయన చెల్లెల్నే చూస్తున్నారు, లాండ్రీలో ఏనాడూ చూడనట్టు.

“ఏమీ అనట్లేదండి. ఆడుతోంది.”

మేనేజరమ్మ ఆ మాట రాసుకోబోయి, ఏం అమర్చాలో తెలియక కలం మూసేసింది. ఆ తరవాత ఎవరూ ఏమీ అడగలేదు. అందరూ చూశారు. నేనూ చూశాను.

ఆట ఆగింది. మా ఆడపడుచు రొప్పుతూ అన్న వైపు తిరిగి, బొటనవేలు పెదవికి ఆనించి కప్పు ఎత్తినట్టు వంచింది. కమిటీ పెద్దాయనకి నోరు ఊరుకోలేదు, ఇప్పుడేమంటున్నారని అడిగాడు.

మా ఆయన అలవాటుకొద్దీ లేచి ఫ్లాస్కు అందుకున్నారు. రెండడుగులు వేసి ఆగారు. ఫ్లాస్కు వైపు చూసి, చెల్లెలి వైపు చూసి, నా మొహంలో నవ్వు చూసి, ఫ్లాస్కు మెల్లిగా కింద పెట్టారు.

“నన్ను పిలుస్తోందండి,” అన్నారు.