కొత్త పెడల్ రబ్బర్లూ, పాత మావయ్యా

ఆ రోజుల్లో కారు నడపడమంటే స్టీరింగు తిప్పడమే అనుకునేదాన్ని. కాళ్లకూ అందులో పని ఉంటుందని ఆలస్యంగా తెలిసింది. మండపేటకి నాలుగైదు మైళ్ల దూరంలో ఒక స్కూల్లో లెక్కల టీచరుగా చేరిన కొత్త. (బస్సు రోజూ ఆలస్యం, హెడ్మాస్టరుగారు ఏనాడూ ఆలస్యం కారు.) నాన్నగారిని బతిమాలి, ఆయన పాత కారు మీద నడపడం నేర్చుకుని, పది రోజులు మహారాణిలా స్కూలుకి వెళ్లొచ్చాను. పదకొండో రోజు, కార్తీకమాసపు ముసురులో, బురద చెప్పులతో ఇంటికొస్తూ మా వీధి మలుపులో నెమ్మదిగా ఆపబోయాను. క్లచ్ మీంచి కాలు సర్రున జారింది. కారు కప్పలా ఒక్క గెంతు గెంతి, రోడ్డు మీద మావయ్య ఆరబోసి, టార్పాలిన్ బరకం కప్పి ఉంచిన ధాన్యంలోకి దూరి ఆగిపోయింది.

"ధాన్యం తొక్కించడానికి మనకి ట్రాక్టరుంది కదా బావా, మళ్లీ ఈవిడెందుకు?" అన్నాడు మావయ్య. నాన్నగారు తాళంచెవి తీసి జేబులో వేసుకున్నారు. అది నన్ను కాల్చేసింది.

మర్నాడు పొద్దున్నే కారులో తల దూర్చి చూశాను. క్లచ్, బ్రేక్ పెడళ్ల మీది రబ్బర్లు గీతలన్నీ పోయి సన్నికల్లులా నున్నగా ఉన్నాయి. ఒక మూల చిరిగి లోపలి ఇనుము మెరుస్తోంది. వీటిని నేనే మారుస్తానని పంతం పట్టి మండపేట స్పేర్ పార్టుల కొట్టుకి వెళ్లాను.

"డ్రైవర్ని పంపకపోయారా అండి?" అన్నాడు కొట్టాయన.

"నేనే డ్రైవర్నండి."

"అలాగా అండి. ఏ సైజండి?"

కొలవలేదు. తిరిగొచ్చి, స్కేలు పెట్టి కొలిచి, గ్రాఫు కాగితం మీద బొమ్మ గీసి మళ్లీ వెళ్లాను. ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "మేస్టారమ్మగారూ, ఇది పెడల్ రబ్బరాండి, ఇళ్లస్థలమాండి?" అన్నాడు.

పాతవి స్క్రూడ్రైవరుతో ఊడొచ్చాయి. కొత్తవే ఎక్కవు. ఒక అంచు తొడిగితే రెండోది ఊడుతుంది. గంటసేపు పెనుగులాడి, కొబ్బరినూనె రాశాను. వెన్నలా ఎక్కేశాయి! విజయగర్వంతో నాన్నగారిని పిలిచి, ఆయన ఎదుట బ్రేకు తొక్కాను. కాలు సర్రుమంది, మోకాలు స్టీరింగుకి కొట్టుకుంది. మావయ్య అరుగు మీద నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు.

మళ్లీ ఊడదీశాను. సబ్బుతో కడిగి, పెడళ్లు పొడిగుడ్డతో తుడిచి, రబ్బర్లు వేడినీళ్లలో మెత్తబరిచి, బొటనవేలి గోరు విరిగేదాకా లాగి తొడిగాను. ఈసారి అంగుళం కదల్లేదు. "పరీక్షకి నేనొస్తా" అని మావయ్య నాన్నగారి దగ్గర తాళం అడిగి తెచ్చి పక్కన కూర్చున్నాడు. కాలవగట్టు మీద ఉన్నట్టుండి గేదె అడ్డొచ్చింది. తొక్కాను. దాని మూతికి జానెడు దూరంలో కారు ఆగింది.

ఇంటికి రాగానే మావయ్య, "తాళం దానికే ఇచ్చెయ్ బావా. దాని కాలు గట్టిదని నేను మొదట్నించీ చెబుతూనే ఉన్నాగా!" అన్నాడు.

ఇప్పుడు నా కారులో ఏది అరిగినా సర్వీసింగ్ వాళ్లు చూసుకుంటారు. నేను చల్లటి గదిలో కాఫీ తాగుతూ కూర్చుంటాను. చున్నీ నడుముకి చుట్టి, చెంపకి గ్రీజు పూసుకున్న అప్పటి ఆ పిల్ల నన్నిలా చూస్తే ఏమంటుందో! అనేలోపే తాగేద్దామని గబగబా ఊదుకుంటాను.