బాపు వెనక నడిచినది

మా బాపు మెడ తిరగదు. చిన్ననాటి నుంచి తాగిన నీళ్లలోని ఫ్లోరైడు ఆయన మెడను, వెన్నును కలిపి ఒకే కట్టెలా బిగించేసింది. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే ఆగి, చేతికర్ర ఊనుకొని, చిన్న చిన్న అడుగులు వేస్తూ మనిషి మనిషంతా ఇటు తిరగాలి. మర్రిగూడ చుట్టుపక్కల ఇట్లాంటి పెద్దవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి మాకది వింత కాదు. ఆ ఒంటితోనే ఆయన ఇరవై మేకలను కాసేవాడు. పొద్దున పదింటికి బయలుదేరి, పత్తిచేన్ల మధ్య బండ్లబాట పట్టుకొని, గుట్ట కింద ఉన్న మా చెలకకు పోయి, పొద్దు వాలకముందే తిరిగొచ్చేవాడు.

నేను సర్కారు దవాఖానలో మందులిచ్చే ఉద్యోగం చేస్తాను. మా ఆయనకు నందికొండలో డ్యాం మీద పని. శనివారం వచ్చి సోమవారం తెల్లారి పోతాడు. అమ్మ చనిపోయినప్పటి నుంచి నేను బాపు దగ్గరే ఉంటున్నాను.

అమ్మ పోయిన మరుసటి ఏడాది వానాకాలంలో ఊరకుక్కలు మందమీద పడి ఒక్క పూటలో ఆరు మేకపిల్లలను చీల్చేశాయి. మేకల అరుపులకు బాపు వెనక్కి తిరిగేసరికి అంతా అయిపోయింది. సంగతి విన్న పశువుల డాక్టరు ఒక మాట చెప్పాడు. హైదరాబాదు పొలిమేరలో దిక్కులేని కుక్కలను సాకే చోట ఒక పెద్ద కుక్క ఉందట. కంగల్ అంటారు, టర్కీ దేశపు జాతి. తోడేళ్ల నుంచి గొర్రెలను కాయడానికే అక్కడ పెంచుతారట.

ఆదివారం నేనూ మా ఆయనా వెళ్లాం. ఆ చోటును నడిపే నడివయసు ఆవిడ మమ్మల్ని చివరి గదికి తీసుకుపోయింది. లోపల ఆ కుక్క. ఎండుగడ్డి రంగు ఒళ్లు, కళ్లదాకా నల్లని ముఖం. గోడకు డొక్క ఆనించి నిలబడి ఉంది. మమ్మల్ని చూడలేదు. మా ఇద్దరి మధ్య ఉన్న ఖాళీలోంచి తలుపు వైపు చూస్తోంది.

"తాళమేసిన ఫామ్‌హౌస్‌ల దొరికింది మేడమ్. గొలుసుతోని కట్టేసి పోయిన్రు. ఎన్నిరోజులు గట్ల ఉందో తెల్వదు" అందావిడ. "మా దగ్గరికొచ్చి ఎనిమిది నెలలాయె. ఒక్కసారన్న మొరగలే."

"మూగదా?" అన్నాడు మా ఆయన.

"కాదు సార్. గొంతు మంచిగనే ఉంది. డాక్టర్ చూసిండు. దానికి మొరగాలనిపిస్తలేదు, అంతే."

గొలుసు వెయ్యొద్దంది. నీడ, నీళ్లు ఉండాలంది. సాకలేకపోతే ఇంకెవరికీ ఇవ్వకుండా తన దగ్గరికే తెమ్మంది. మరుసటి వారం మా ఊరొచ్చి, మేకల కొట్టం చూసి, బాపుతో మాట్లాడి వెళ్లాకగానీ కుక్కను పంపలేదు.

ట్రాలీ ఆటోలోంచి అది దిగుతుంటే బాపు అరుగు మీద నుంచి లేచాడు. "గిది కుక్కనా, బర్రె దుడ్డెనా బిడ్డా?" అన్నాడు. అంతకు మించి దాని గురించి మాట్లాడలేదు, పేరూ పెట్టలేదు.

మొదటి నెల దాన్ని కంచెకు ఇవతలే ఉంచి మేకలకు అలవాటు చేశాం. కంచె తీశాక ఒకరోజు చూస్తే ఈనబోతున్న మేక ఒకటి దాని డొక్కకు ఆనుకొని పడుకొని నెమరేస్తోంది. కుక్క కదలకుండా ఉంది. ఆ మరునాటి నుంచి మందతో చెలకకు పంపాం. ఊరకుక్కలు దూరం నుంచే దాన్ని చూసి తోక ముడిచేవి. ఒక్క మేకపిల్ల కూడా పోలేదు.

పత్తి తీసే రోజులొచ్చాక దాని తీరు మారింది. మంద చుట్టూ తిరిగే కుక్క ఇప్పుడు మందను వదిలేసి బాపు వెనక నడవడం మొదలుపెట్టింది. మేకలు ముందు, వాటి వెనక బాపు, ఆయన వెనక కుక్క. ఒక సెలవురోజు అన్నం గిన్నె తీసుకొని పోతూ నేనది చూశాను. పది అడుగులు వేసి కుక్క ఆగేది. వెనక్కి తిరిగి బాటను చూసేది. వీపు మీద వెంట్రుకలు లేచి నిలబడేవి. ఆ తర్వాత పరుగున పోయి బాపు మడమల దగ్గరికి చేరి మళ్లీ నడిచేది. మళ్లీ పది అడుగులకు ఆగేది.

అది చూసిన చోటికల్లా నేనూ చూశాను. తెల్లగా విచ్చిన పత్తి, రెండువైపులా సీతాఫలం పొదలు, ఎర్రని బాట. మిట్టమధ్యాహ్నం. ఒక్క పిట్ట అరవడం లేదు. ఆ బాటలో ఎప్పుడూ కౌజు పిట్టలు కూస్తుంటాయి.

"ఎనుక ఎవరన్న ఉన్నరా బిడ్డా?" అని అడిగాడు బాపు, ముందుకే చూస్తూ.

"ఎవరు లేరు బాపూ."

"మరి గిది ఎవల జూస్తాంది?"

ఆ సాయంత్రం పక్కింటి అవ్వకు చెబితే ఆమె చేటలో కందులు చెరుగుతూ, "కుక్కలకు గనవడతరంటరు బిడ్డా, పోయినోళ్లు" అంది. "మీ అమ్మ పానమంత మీ బాపు మీదనే ఉండె గద."

ఆ మాట బాపు చెవిన పడింది. లేకపోతే ఆయనకే ఆ ఊహ వచ్చిందేమో, అడగలేదు. వారం తర్వాత అన్నం తీసుకొని పోతే దూరం నుంచి ఆయన గొంతు వినిపించింది. ఎవరితోనో మాట్లాడుతున్నాడు. దగ్గరికి పోతే కుక్క తప్ప ఎవరూ లేరు. ముఖం ముందుకే ఉంది, మాట మాత్రం వెనక్కి వేస్తున్నాడు.

"మెల్లగ నడువు. ఆడ పల్లేరుకాయలున్నయి. సిన్నదాని ఇంటాయన మొన్న గొంగడి తెచ్చిండు, నీకు జెప్పలేదు గద?"

చిన్నది అంటే నేను. గొంగడి తెచ్చింది మా ఆయన. కుక్క ఆగి వెనక్కి చూస్తోంది. దాని పెదవి ఒకపక్క పైకి లేచి పళ్లు కనబడుతున్నాయి. చప్పుడు లేదు.

అయినా నేను ఆయన్ను ఆపలేదు. రెండేళ్లుగా ఆయన అంత తీరిగ్గా, అంత ఇష్టంగా మాట్లాడగా నేను వినలేదు. ఆ రోజు తిన్నాక గిన్నెలోంచి ఒక రొట్టెముక్క, ఉడికించిన గుడ్డు తీసి మోదుగాకులో పెట్టి, బాట పక్కన బండ మీద ఉంచాడు. మర్నాడు ఆకు ఖాళీగా ఉందని సాయంత్రం నాకు చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆయన కళ్లు మెరుస్తున్నాయి. కాకులో ముంగిసో తిని ఉంటాయని నేను అనుకున్నాను. అయినా మర్నాటి నుంచి రెండు గుడ్లు ఉడికించి పంపాను. అమ్మకు గుడ్డు ఇష్టం. నేను కూడా కొంచెం నమ్మానని ఇప్పుడు చెప్పడానికి సిగ్గేమీ లేదు.

తర్వాత మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు దవాఖానలో ఉండగా పక్క చెలక రైతు ఫోన్ చేశాడు.

"అక్కా, జల్ది రా. మీ కుక్క మొరుగుతాంది."

అంత దూరం నుంచి ఫోన్‌లో నాకా మొరుగుడు వినిపించింది. ఖాళీ బావిలో బండరాళ్లు పడుతున్నట్టుంది. నేను పోయేసరికి బాపు బాట మధ్యలో కర్ర పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఆయన ముందు మేకలన్నీ ముద్దలా ఒకదానికొకటి ఒత్తుకొని ఉన్నాయి. కుక్క కుడి భుజం మీద చర్మం రెండు చీలికలుగా వేలాడుతోంది. నెత్తురు కారుతున్నా అది సీతాఫలం పొదల వైపే చూస్తోంది.

"నేను తిరిగేసరికి ఏం లేదు బిడ్డా" అన్నాడు బాపు. "కొమ్మలు ఊగుతుండె, అంతే."

అడవిశాఖ వాళ్లు ఇద్దరు వచ్చారు. వాళ్లలో పెద్దాయన బాటమీద కూర్చొని చాలాసేపు చూశాడు. నన్ను పిలిచి వేలితో ఒక్కొక్కటే చూపించాడు. తడి మన్నులో బాపు చెప్పుల గుర్తులు, పక్కన కర్ర దిగిన గుంతలు. వాటి మీద కుక్క అడుగులు. కుక్క అడుగుల మీద ఇంకో అడుగులు, గుండ్రంగా, గోరుముద్ర లేకుండా.

"చిర్తపులి అమ్మా. కుక్కకైతే గోర్లు పడతయి, దీనికి పడయి" అన్నాడు. "గిది ఒక్కనాటిది గాదు. గీ వానకు చెదిరిన అడుగులు సూడు, గవి ముసురు వడ్డ మొదటినాటియి. మేకల కోసం వచ్చి ఉంటది. ముసలాయన మేకల ఎనుక నడుస్తడు గద, అందుకని ఆయన ఎన్కనే నడిచింది. నడుమ గీ కుక్క లేకపోతే..." అని ఆపేశాడు.

కొన్నిచోట్ల ఆ అడుగులు బాపు చెప్పుల ముద్రల్లోనే పడి ఉన్నాయి. మోదుగాకు పెట్టే బండ పక్కన మన్ను నున్నగా అణిగి ఉంది. అక్కడ ఏదో చాలాసేపు పడుకున్నట్టుంది.

కుక్క భుజానికి పశువుల డాక్టరు కుట్లు వేశాడు. ఆ రాత్రి బాపుకు ఎట్లా చెప్పాలో తెలియక తెల్లారేదాకా ఆగాను. చాయ్ ఇచ్చి, ఎదురుగా కూర్చొని, ఆయన నన్ను చూడగలిగే చోట ఉండి చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టాడు.

"రోజూ వచ్చేదా?"

"చానా రోజులు వచ్చిందంట బాపూ."

"నేను మాట్లాడుతుంటె ఆగి ఇన్నట్టే అనిపించేది." కప్పును పక్కకు జరిపి అన్నాడు, "ఇన్నది గూడ నిజమే గావచ్చు."

అడవిశాఖ వాళ్లు గుట్ట కింద బోను పెట్టి లోపల మేకపిల్లను కట్టారు. ఇరవై రోజులు బోను అట్లనే ఉంది. చిరుత రాలేదు. కుక్క గాయం మాని మళ్లీ మంద చుట్టూ తిరగసాగింది. బాపు వెంట పక్క చెలక రైతు నడిచేవాడు. దారిలో ఆయన ఏం చెప్పినా బాపు ఊఁ కొట్టేవాడు. తనంతట తానుగా ఏమీ మాట్లాడేవాడు కాదు.

ఎండలు ముదిరాక ఒకరోజు అడవిశాఖ పెద్దాయన నాకు ఫోన్ చేశాడు. దేవరకొండ దిక్కున ఒక చిరుత బోనులో పడిందనీ, మా దగ్గర తిరిగింది అదేనని గట్టిగా చెప్పలేమనీ, ఇక భయపడొద్దనీ అన్నాడు. బాపు పక్కనే ఉన్నాడు. చెయ్యి చాపితే ఫోన్ ఇచ్చాను.

"ఆడదా సారూ, మొగదా?" అని అడిగాడు.

అవతలి మాట నాకూ వినపడింది. "ఆడదే, పెద్దాయనా."

అవతలి మనిషి లైన్ తెగిందేమోనని రెండుసార్లు హలో అన్నాడు.

"ఏం జేస్తరు దాన్ని?"

"నల్లమల అడవిల ఇడిసిపెడతం."

"నీళ్లుంటయా ఆడ?"

"ఉంటయి పెద్దాయనా. మస్తుంటయి."

"సరే" అని బాపు ఫోన్ నా చేతికిచ్చి, కర్ర అందుకొని, మేకలను విప్పడానికి కొట్టం వైపు నడిచాడు.